గ్లవ్స్‌లో మిరియాల చారు

నా చేతులు చల్లబడితే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే నా నోరు ఊరుకోదు. ఆ సంగతి తెలుసు కాబట్టే మా ఆడపడుచు మృదుల ప్రతి ఆదివారం పడవ ఎక్కే ముందు నాకు ఒకే హెచ్చరిక చేస్తుంది. నీళ్ళ మీద వదిన లేదు, మరదలు లేదు, తను స్కిప్పర్, నేను క్రూ, తను చెప్పింది నేను చెయ్యాలి, తిట్లేవైనా ఉంటే ఇంటికెళ్ళాక తిట్టుకోవాలి. అన్నట్టుగానే పడవలో ఉన్నంతసేపూ నన్ను పొరపాటున కూడా వదినా అని పిలవదు. క్రూ, లాగు. క్రూ, వదులు. అంతే. కమలకుమారి అని మా నాన్న ఏరికోరి పెట్టిన పేరు నాకొకటి ఉందని ఆ నీళ్ళ మీద ఎవరికీ తెలియదు.

మేముండేది దేశం కాని దేశంలో, బర్నబీ అనే ఊళ్ళో. మా ఆయన కోదండరామ్‌కి మృదుల ఒక్కతే చెల్లెలు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది, కొండ మీద యూనివర్సిటీలో ఉద్యోగం. తనకి తెరచాప పడవల పిచ్చి. ఎండాకాలం అందరూ నడుపుతారు, అందులో గొప్పేముంది అని చలికాలం పందేలకే పేరిస్తుంది. ఇన్‌లెట్‌లో, అంటే ఊరి పక్కకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, ఆదివారం పొద్దున్న పది పన్నెండు చిన్న పడవలు పోటీ పడతాయి. ఒక్కో పడవలో ఇద్దరు. వెనక కూర్చుని చుక్కానీ, పెద్ద తెరచాప తాడూ పట్టుకునేది స్కిప్పర్. ముందు కూర్చుని చిన్న తెరచాప తాడు లాగేది క్రూ.

నేను మొదట్లో క్రూ కూడా కాదు. ఒడ్డున ఫ్లాస్కు పట్టుకుని నిలబడే మనిషిని. మృదుల తిరిగొచ్చేసరికి వేడివేడిగా మిరియాల చారు అందించడం నా డ్యూటీ. కిందటి అక్టోబరులో ఒకరోజు తన క్రూకి జ్వరమొచ్చింది. పందెం మొదలయ్యే వేళయింది. నా వైపు చూసి, ఎక్కుతావా అంది. ఫ్లాస్కు మా ఆయన చేతిలో పెట్టి ఎక్కేశాను. తెరచాపలో గాలి నిండి, పడవ ఒక పక్కకి ఒరిగి దూసుకుపోతుంటే నాకు నవ్వు ఆగలేదు. యాభై దగ్గరపడుతున్న మనిషిని. సాఫ్ట్‌వేర్‌లో ఇతరులు చేసిన తప్పులు వెతకడం నా ఉద్యోగం, ఆ తర్వాత వంట, ఆ తర్వాత పిల్లల్ని క్లాసులకి డ్రైవ్ చేయడం. నేను ఒక తాడు లాగితే ఏదైనా నిజంగా కదలడం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. దిగిన వెంటనే మా ఆయనతో చెప్పేశాను, ఇక ఒడ్డున నిలబడేది లేదని. జ్వరం తగ్గిన అమ్మాయి ఆ నెలలోనే హామిల్టన్‌లో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయింది, ఆ సీటు నాదైంది.

అంతా బాగానే ఉంది, నా చేతులే బాలేవు. డిసెంబరు వచ్చేసరికి వేళ్ళు కొంకర్లు పోవడం మొదలైంది. ఈ ఊళ్ళో చలి ఒక్కటే రాదు, వానని వెంటబెట్టుకుని వస్తుంది, పడవలో ఆ పైన నీళ్ళ తుంపర. ఉన్ని గ్లవ్స్ వేసుకుంటే తడిసి బరువెక్కాయి. వాటి మీద గిన్నెలు తోముకునే రబ్బరు గ్లవ్స్ తొడిగితే లోపల చెమట పట్టింది, కాసేపటికి ఆ చెమటే ఐసు నీళ్ళయింది. ఊపితే వేడెక్కుతాయని షాపులో అమ్మే పొట్లాలు తెచ్చాం, అవి నాకంటే ముందే చల్లబడ్డాయి. మృదుల మాత్రం వేళ్ళు బయటికుండే పల్చటి గ్లవ్స్ వేసుకుని మహారాణిలా కూర్చునేది. మందంగా ఉంటే చుక్కాని ఫీల్ పోతుందట. తన చేతులకి చలి తెలియదని క్లబ్బులో అందరితో చెప్పేది.

చివరికి నాకొక మహా గొప్ప ఆలోచన వచ్చింది. కొబ్బరినూనె. చిన్నప్పుడు ఒళ్ళు పగలకుండా మా అమ్మ పట్టించేది. తలకీ అదే, కాళ్ళకీ అదే, మన ఇళ్ళల్లో దానితో తగ్గని బాధ ఉందా? రెండు చేతులకీ దట్టంగా పట్టించి గ్లవ్స్ తొడిగాను. మధ్యలోకి వెళ్ళేసరికి అది లోపల నెయ్యిలా గడ్డకట్టి కూర్చుంది. మేం రెండో స్థానంలో ఉన్నాం. పందెం దారికి గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయల్లో చివరిదాని చుట్టూ తిరిగితే ఇక ఫినిష్ లైనే. సరిగ్గా అక్కడ నా చేతిలోంచి తాడు సర్రున జారిపోయింది. పడవ తిరగాల్సినంత తిరగలేదు, వెళ్ళి బోయను గుద్దుకుంది. గుద్దిన పడవ శిక్షగా అక్కడికక్కడే ఒక చుట్టు చుట్టాలి. మేం చుట్టే లోపల అందరూ మా పక్కనుంచి వెళ్ళిపోయారు, ఆఖరున వచ్చాం.

ఒడ్డుకి రాగానే మృదుల, నీ నూనె వల్లే పోయింది అని తేల్చేసింది. వచ్చే ఆదివారం ఒక్క ఛాన్సు ఇస్తానంది. ఆ రోజు కూడా తాడు జారితే, ఆ తర్వాత నుంచి తన కొలీగ్ వంశీధర్‌ని ఎక్కించుకుంటుంది. వంశీధర్ రోజూ జిమ్‌కి వెళ్తాడు, వాడి చేతులు రోకళ్ళలా ఉంటాయి. నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదే కదా అని వారమంతా ఫోన్‌లో సారీ చెప్పుకుంటూనే ఉన్నాను, తనకిష్టమని గుత్తివంకాయ కూర చేసి పంపాను. మళ్ళీ ఒడ్డున ఫ్లాస్కు పట్టుకుని నిలబడాల్సి వస్తుందేమోనని ఒకటే బెంగ. ఆఫీసు మీటింగుల్లో కూడా టేబుల్ కింద వేళ్ళు ముడిచి తెరిచి చూసుకునేదాన్ని.

దారి చూపించింది ఎర్ర పడవ నడిపే ఆవిడ. ఆవిడ ఎప్పుడూ మాకంటే ముందే ఉంటుంది. ఆ పాడు పందెం అయ్యాక, బట్టలు మార్చుకునే గదిలో నా పాలిపోయిన వేళ్ళు చూసి జాలిపడింది. తడిని ఆపాలని చూడకు, తడిని వెచ్చగా ఉంచు అంది. స్పాంజిలా మందంగా, చేతికి బిగుతుగా పట్టే రబ్బరు గ్లవ్స్ దొరుకుతాయట. పందేనికి ముందు వాటిలో వెచ్చటి నీళ్ళు పోసి, ఆ నీళ్ళతోనే చేతులు దూర్చుకోవాలట. నీళ్ళు లోపలే చిక్కుకుపోయి చాలాసేపు వెచ్చగా ఉంటాయట. ఆ సాయంత్రమే వెళ్ళి కొనుక్కొచ్చాను.

ఇక ఫ్లాస్కుల సంగతి. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని మా ఆయన తెచ్చినవి, రెండూ నీలం రంగువే, పక్కపక్కన పెడితే ఏది ఏదో తెలియదు. ఒకదాంట్లో గ్లవ్స్ కోసం చెయ్యి కాలనంత వేడిగా నీళ్ళు, ఇంకోదాంట్లో తాగడానికి మిరియాల చారు. నీళ్ళ ఫ్లాస్కుకి రబ్బరు బ్యాండు వెయ్యమని ఆయనకి చెప్పాను. సరేనన్నారు. ఆయన సరేనన్నాక ఇంకోసారి అడగాలని ఇన్నేళ్ళ కాపురంలో నేను నేర్చుకుని ఉండాల్సింది.

ఆదివారం వాన లేదు కానీ తూర్పు నుంచి కోసేసే గాలి. అవతలి కొండల మీద మంచు సగం దాకా దిగింది. ఒడ్డున మా ఆయన పక్కన వంశీధర్ నిలబడి ఉన్నాడు, కొత్త జాకెట్, పడవెక్కేవాళ్ళు వేసుకునే కొత్త రబ్బరు బూట్లు. ఊరికే చూడ్డానికొచ్చా ఆంటీ అన్నాడు. చూడ్డానికొచ్చిన వాడికి బూట్లెందుకో నాకు తెలియదా? ఒళ్ళు మండింది. ఏమీ అనకుండా పడవ ఎక్కాను.

పందెం మొదలయ్యే ముందు వచ్చే హెచ్చరిక హారన్ మోగింది. మృదుల పడవని లైను వైపు తిప్పుతోంది. నేను సంచిలోంచి రబ్బరు బ్యాండున్న ఫ్లాస్కు తీసి, రెండు గ్లవ్స్‌లోనూ గబగబా పోసి, చేతులు దూర్చేశాను. ముందు వెచ్చదనం తెలిసింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత వాసన తెలిసింది. ఇంగువ, వెల్లుల్లి, జీలకర్ర. ఆ తర్వాత, చలికి పగిలిన నా వేళ్ళ కణుపుల్లో మిరియాల ఘాటు దిగింది. కరివేపాకు ఒకటి చూపుడువేలికి అతుక్కుపోయింది.

ఏమండీ అని ఒడ్డు వైపు తిరిగి ఒక్క అరుపు అరిచాను. అంత దూరం నుంచి ఆయనకేం వినిపించిందో, సంతోషంగా చెయ్యి ఊపారు.

గ్లవ్స్ తీసి కడుక్కునే వ్యవధి లేదు. అసలు హారన్ మోగనే మోగింది. క్రూ, లాగు అంది మృదుల. లాగాను. కోపమంతా ఆ తాడు మీద చూపించాను. తెరచాప బిగిసి పడవ ఒరిగింది, మేం అంచు మీదికెక్కి వెనక్కి వాలాం, తుంపర మొహాన కొట్టింది. చేతులు భగభగ మండుతున్నాయి. కానీ ఒక చిత్రం జరిగింది. పది వేళ్ళూ విడివిడిగా నాకు తెలుస్తున్నాయి. ఏ వేలు తాడు మీద ఎంత బిగిసిందో తెలుస్తోంది. డిసెంబరు వచ్చాక నా చేతులు మళ్ళీ నావి అనిపించింది ఆ రోజే. 

ఎదురుగాలికి అటొకసారి ఇటొకసారి మలుపులు తిరుగుతూ వెళ్ళాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ ఒక తాడు వదిలి రెండోది లాగాలి. ఒక్కసారి కూడా జారలేదు. గట్టిగా పట్టుకున్నప్పుడల్లా గ్లవ్స్ మణికట్టు దగ్గర్నుంచి చారు బొట్లుగా కారుతోంది. ఏంటా వాసన అని మృదుల ఒకసారి ముక్కు ఎగబీల్చింది. అడక్కు అన్నాను. మొదటి బోయ దగ్గర నాలుగో వాళ్ళం. ఒక పడవ మలుపులో తడబడితే దాని పక్కనుంచి జారుకుని మూడో వాళ్ళమయ్యాం. తర్వాత మా ముందున్న నల్ల తెరచాప పడవకీ ఒడ్డుకీ మధ్య గాలి ఎక్కువుందని నాకు నీటి మీది ముడతలు చూస్తే తెలిసింది. అటు పద అని అరిచాను. క్రూ స్కిప్పర్‌కి దారి చెప్పకూడదు. మృదుల మారు మాట్లాడకుండా అటే తిప్పింది. నల్ల తెరచాపని దాటేశాం. మా ముందు ఇక ఎర్ర పడవ ఒక్కటే. నాకు సంతోషంతో గొంతు బొంగురుపోయింది, అయినా అరుపులు ఆపలేదు.

ఆ హడావుడిలో ఒక సంగతి నేను గమనించలేదు. మృదుల నన్ను లాగమని, వదలమని చెప్పడం ఎప్పుడో మానేసింది. తను చెప్పకుండానే నేనే లాగుతున్నాను, నేనే వదులుతున్నాను. పని మీద ధ్యాసలో ఉందనుకున్నాను.

చివరి బోయ కనిపించింది. కిందటి వారం గుద్దిన బోయ అదే. తాడు గుప్పెట్లో రెండు చుట్లు బిగించి, ఈసారి జారితే ఒట్టు అనుకున్నాను.

"వదినా" అంది వెనక నుంచి.

నీళ్ళ మీద తను నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. తిరిగి చూశాను. మృదుల చుక్కానిని చేత్తో పట్టుకోలేదు. మోచేతికీ డొక్కకీ మధ్య ఇరికించుకుని ఉంది. పెద్ద తెరచాప తాడు ముంజేతికి చుట్టుకుని ఉంది. గ్లవ్స్ బయటికున్న వేళ్ళు ముగ్గుపిండి అద్దినట్టు తెల్లగా ఉన్నాయి, ముడుచుకోమంటే ముడుచుకోవడం లేదు.

"నా చేతులు పోయాయి వదినా. తిప్పలేను."

బోయ మీదికి వచ్చేస్తోంది. నేను చిన్న తెరచాప తాడు కొక్కేనికి తగిలించి, పడవ అడుగున పాకుతూ వెనక్కి వెళ్ళి, తన చంక కిందనుంచి చుక్కాని లాక్కున్నాను. చుక్కాని ఎప్పుడూ ముట్టుకోనిచ్చింది కాదు. ముట్టుకోగానే నీళ్ళన్నీ వచ్చి నా అరచేతిలో వణికినట్టు తెలిసింది. భయమేసింది. దాంతోపాటే చెప్పలేనంత ఆనందం కూడా వేసింది, అబద్ధమెందుకు ఆడాలి. మృదుల నా చెవి దగ్గర నోరు పెట్టి, ఇంకా ఉండు, ఇంకా ఉండు, ఇప్పుడు తిప్పు అంది. తిప్పాను. పెద్ద తెరచాప మా తలల మీదుగా దబ్బున అటు పక్కకి వెళ్ళింది. బోయ పడవ పక్కనుంచి జానెడు దూరంలో జారిపోయింది. తగల్లేదు.

ఆ తర్వాతది గాలి వెనకనుంచి తోసే దారి. పడవ నిటారుగా నిలబడి హాయిగా సాగుతుంది. పెద్ద తెరచాప తాడు కూడా నేనే తీసుకుని కాలి కింద తొక్కిపెట్టాను, చుక్కాని మోకాళ్ళ మధ్య పెట్టాను, రెండో ఫ్లాస్కు మూత తిప్పాను. నేను చారు పోసుకోబట్టి ఆ నీళ్ళు చుక్క కూడా ఖర్చు కాలేదు. నా చెంప మీద రెండు బొట్లు వేసి చూశాను, గోరువెచ్చగా ఉన్నాయి. మృదుల చేతుల మీద మెల్లిగా ఒంపాను. తర్వాత నా జాకెట్ జిప్పు కిందికి లాగి, చేతులు నా చంకల్లో పెట్టుకోమన్నాను. తను సందేహించింది. పెట్టు అని కసిరాను. పెట్టింది. రెండు ఐసు గడ్డలు లోపల పెట్టుకున్నట్టు నాకు ఒళ్ళంతా జలదరించింది. అలా ఆ మనిషిని కౌగిట్లో పెట్టుకునే పడవ నడిపాను.

కాసేపటికి వేళ్ళలోకి రక్తం తిరిగొచ్చినట్టుంది, ఆ నొప్పికి మృదుల కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నా భుజం మీద తల ఆనించి చెప్పింది.

"కిందటి వారం నీ తాడు జారకముందే నా చేతిలోంచి చుక్కాని జారింది వదినా. వేళ్ళు అప్పటికే పనిచెయ్యట్లేదు. నీ నూనె మీద తోసేశా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వారం రోజుల సారీలు, గుత్తివంకాయ కూర, మీటింగుల్లో టేబుల్ కింద ముడిచి తెరిచిన వేళ్ళు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మరి వంశీధర్‌ని ఎందుకు తెస్తానన్నావు అని అడిగాను.

"వాడు నా చేతుల వైపు చూడడు. నువ్వైతే ఏదో ఒకరోజు కనిపెట్టేస్తావు. ఈ చేతులతో నన్ను స్కిప్పర్ అని ఎవరంటారు?"

చంకల్లో ఆ వేళ్ళు చిన్నపిల్ల వేళ్ళలా వణుకుతుంటే ఏమని తిట్టను? నీళ్ళ మీద తిట్టకూడదని రూలు పెట్టింది నువ్వే, ఇంటికి రా, చెబుతాను నీ సంగతి అన్నాను. తను ఏడుస్తూనే నవ్వింది. వెనక నల్ల తెరచాప పడవ దగ్గరికొచ్చేస్తోందని అప్పుడు చూశాను. ఇద్దరం ఏడుపూ నవ్వూ పక్కన పెట్టి వంగి కూర్చున్నాం. ఎర్ర పడవ లైను దాటింది. నల్ల తెరచాప పడవ ముక్కు మా పడవ నడుం దగ్గరికొచ్చింది. నేను చుక్కానిని వెంట్రుకవాసి కూడా కదపలేదు, ఊపిరి కూడా తీయలేదు. హారన్ మోగింది, మాకే మోగింది. రెండో స్థానం. నేను వేసిన కేక అవతలి కొండ దాకా వెళ్ళి ఉంటుంది.

ఒడ్డుకి రాగానే మా ఆయన పరిగెత్తుకొచ్చి పడవ పట్టుకున్నారు. చారు బాగుందా అని అడిగారు. తాగే ఫ్లాస్కు గుర్తుండాలని దానికే రబ్బరు బ్యాండు వేశారట. నేను గ్లవ్స్ తీసి తిరగేసి చూపించాను. ఆవాలు, కరివేపాకు, వెల్లుల్లి రెబ్బ నేల మీద పడ్డాయి. ఆయన మొహం చూడాలి. ఇంకొకప్పుడైతే ఆయన్ని అక్కడే దులిపేసేదాన్ని, ఆ రోజు మాత్రం ముద్దొచ్చారు.

వంశీధర్ దగ్గరికొచ్చి, అయితే నెక్స్ట్ వీక్ నేను రావాలా మేడమ్ అని మృదులని అడిగాడు. ఎర్ర పడవ ఆవిడా, ఇంకొందరూ పక్కనే తాళ్ళు చుట్టుకుంటున్నారు. మృదుల ఎర్రగా వాచిన తన చేతులు చూసుకుంది. తర్వాత నాకు చెప్పిన మాటే అందరికీ వినిపించేలా ఇంగ్లీషులో చెప్పేసింది, తన చేతులు చలికి పనిచెయ్యవని, ఈ రోజు పడవ తిప్పింది నేనని, కిందటి వారం తప్పు కూడా తనదేనని. మధ్యలో ఎక్కడా ఆగకుండా చెప్పింది. నా కోపం సగం అక్కడే దిగిపోయింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, వచ్చే వారం కూడా వదినే నా క్రూ అంది.

"కుదరదు" అన్నాను.

మా ఆయన, వంశీధర్, మృదుల, ముగ్గురూ నన్నే చూశారు.

"వచ్చే వారం చుక్కాని నాది. ఈ గ్లవ్స్ నువ్వు తొడుక్కో, నీళ్ళు నేనే పోస్తా. ముందు కూర్చుని తాడు లాగు."

మృదుల చారు వాసన కొట్టే ఆ గ్లవ్స్ నా చేతిలోంచి తీసుకుంది. "సరే, స్కిప్పర్" అంది.

నేను రెండు ఫ్లాస్కులూ ఎత్తి వంశీధర్ చేతుల్లో పెట్టాను. వచ్చే వారం చారు వేడిగా ఉండాలని, రబ్బరు బ్యాండు నీళ్ళ ఫ్లాస్కుకే వెయ్యాలని చెప్పాను. ఒడ్డున ఎవరో ఒకరు నిలబడాలి కదా.